మాటలేని లైను

మూడో అంతస్తులో చివరి గదికి వచ్చేసరికి ఆమె కుడి చెవి వేడెక్కింది. బల్ల మీది రిసీవరు ఎత్తి చెవికి ఆనించుకుంది. సన్నని మోత వినిపించింది. పెట్టేసి పక్క బల్ల దగ్గరికి జరిగింది. మళ్లీ ఎత్తడం, వినడం, పెట్టేయడం. ఉద్యోగులు రాకముందే ప్రతి బల్ల దగ్గరా ఇలా ఒక క్షణం ఆగడం ఆమె అలవాటు. ఏ ఫోను పనిచేస్తోందో, ఏది మొరాయించిందో కింద తన గదిలోని కంప్యూటరు తెర చూస్తే తెలిసిపోతుంది. ఒక్కో ఫోనుకు ఒక్కో పచ్చ చుక్క. అయినా చుక్కను చూసి ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. పాలు పొంగుతున్నాయో లేదో పొయ్యి పక్కన నిలబడ్డవాళ్లకే తెలుస్తుందని ఆమె నమ్మకం.

కిటికీ పక్క బల్ల ఈమధ్యే ఖాళీ అయింది. అక్కడ కూర్చునే గుమాస్తా బదిలీ మీద వెళ్లిపోయాడు. ఫోను మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. ఆమె వంగి గోడలోంచి తీగ ఊడదీసి, చుట్ట చుట్టి, ఫోనును చంకలో పెట్టుకుంది. మనిషి లేని ఫోనుకు కాపలా ఉండదు. నిరుడు సామాన్ల కొట్టులో ఎవరూ వాడని ఫోను ఒకటి కొన్నప్పటి పాస్‌వర్డుతోనే పడి ఉంటే, ఎక్కడివాళ్లో ఇంటర్నెట్‌లోంచి అందులోకి దూరి, సెలవు రోజుల్లో కార్యాలయం ఖర్చు మీద దేశదేశాలకు మాట్లాడేశారు. ఆ తర్వాత ఆమె అంతస్తంతస్తూ తిరిగి ప్రతి ఫోనుకూ కొత్త పాస్‌వర్డు పెట్టింది. ఫోన్లు నడిచే దారినీ కంప్యూటర్లు నడిచే దారినీ వేరు చేసింది. పై ఊళ్లతో పని ఉన్నవాళ్లకు మాత్రం అక్కడికి మాట్లాడే వీలు ఉంచి మిగతావాళ్లకు మూసేసింది. అప్పుడు మేనేజరు తనకు కొత్త పాస్‌వర్డు నోరు తిరగడం లేదనీ, నాలుగు ఒకట్లు పెట్టేయమనీ అడిగాడు.

"తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే వేలాడదీయమంటే ఎలాగండీ?" అంది ఆమె.

"నా ఫోన్ ఎవడికి కావాలమ్మా? నాకే వద్దు," అన్నాడాయన. అని, కొత్తదే పెట్టించుకున్నాడు.

ఆమె పొట్టి మనిషి. చెవుల పక్క జుట్టు నెరిసింది. తల ఎప్పుడూ కుడివైపుకు కాస్త వాలి ఉంటుంది, చెవి దగ్గర ఫోను లేకపోయినా ఉన్నట్టే. ఆ నీటి సరఫరా కార్యాలయంలో ఆమె పడుచు వయసులో టెలిఫోను ఆపరేటరుగా చేరింది. గోడకు ఆనించిన పెద్ద బోర్డు ముందు కూర్చుని, బయటి గొంతులను లోపలి చెవులకు కలిపేది. ఎవరు సున్నా నొక్కినా ఆమె పలికేది కాబట్టి సున్నా మేడం అయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కొక్కరే రిటైరైపోయారు. ఆ పేరు సంగతి మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు అక్క మండిపడింది.

"సున్నా అంటే అంత లోకువా? అది పక్కన నిలబడకపోతే ఒకటి పది ఎట్లా అవుతుందో చెప్పమను!"

అప్పట్లో అక్కకు మాట ఉండేది. అది మామూలు మాటా కాదు. అక్క సిటీ బస్సు కండక్టరు. వెనక మెట్టు మీద నిలబడి స్టాపు పేరు అరిచిందంటే ముందు సీట్లలో కునికిపాట్లు పడేవాళ్లు ఉలిక్కిపడి, తమది కాని స్టాపులో కూడా దిగిపోయేవాళ్లు. అమ్మ వెనకే నాన్నా పోయినప్పుడు చెల్లెలు ఇంకా బళ్లో ఉంది. అక్క చదువు ఆపేసి సంచీ భుజాన వేసుకుంది. పెళ్లిమాటలు ఇద్దరికీ వచ్చాయి. ముందు నువ్వంటే ముందు నువ్వని ఒకరినొకరు తోసుకుంటూ కాలం గడిపారు. తీరా చూసుకునేసరికి అడిగేవాళ్లు లేరు. దానికి ఇద్దరూ ఏడ్చిందీ లేదు. ఆదివారాలు తలస్నానాలు చేసి, మెట్ల మీద ఎండలో కూర్చుని, బస్సులో వాళ్ల కథలు అక్కా, ఫోనులో వాళ్ల కథలు చెల్లెలూ చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు.

కొన్నేళ్ల కిందట అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క మొత్తం పడిపోయింది, మాట కూడా దానితోనే పోయింది. ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ, కళ్లలో పాత దబాయింపూ మిగిలాయి. పగటిపూట పక్కింటి పిన్ని వచ్చి అన్నీ చూసేది. మధ్యాహ్నం ఒకసారి చెల్లెలు కార్యాలయం నుంచి ఇంటికి ఫోను చేసేది. మొదట్లో అటునుంచి ఊపిరి తప్ప ఏమీ వచ్చేది కాదు. ఈమె నాలుగు మాటలు చెప్పి పెట్టేసేది. ఒకనాడు పెట్టేయబోతుంటే రిసీవరు మీద గోటితో కొట్టిన చప్పుడు వినిపించింది. టక్ టక్. ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కండక్టరు బస్సు రేకు మీద కొట్టే దెబ్బలవి. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే పోనీ, రైట్.

అదే వాళ్ల భాష అయింది. రెండు దెబ్బలంటే నేను బాగానే ఉన్నాను, నీ పని నువ్వు చూసుకో. ఒక్క దెబ్బంటే ఆగు, ఏదో ఉంది. ఆ దెబ్బల మధ్య ఊపిరి. నవ్వితే ఊపిరి ముక్కలు ముక్కలుగా వచ్చేది. కోపమొస్తే ముక్కులోంచి బుస్సుమనేది. మందు మింగకుండా పిన్నిని ఏమార్చిన రోజున దొంగ ఊపిరి. జీవితమంతా గొంతులు వింటూ బతికిన మనిషికి ఊపిరి చదవడం నేర్చుకోవడం కష్టం కాలేదు.

తర్వాత కార్యాలయంలోకి ఇంటర్నెట్ ఫోన్లు వచ్చాయి. గోడ దగ్గరి బోర్డును ఊడదీసి బండికెత్తారు. ఇక సున్నా మేడం ఇంటికే అనుకున్నారందరూ. ఆమె కళ్లజోడు మార్పించుకుని, కొత్త యంత్రం ముందు కూర్చుని, ఓనమాలు దిద్దినట్టు ఆ విద్య నేర్చుకుంది. బోర్డు పోయినా ఫోన్లు ఆమె చేతిలోనే ఉండిపోయాయి. కానీ కొత్త ఫోనులోంచి మొదటిసారి ఇంటికి మాట్లాడిన రోజున ఆమె గుండె జారిపోయింది. అటునుంచి అక్క ఊపిరి లేదు. ఏదో గాలి చప్పుడు మాత్రం ఎగుడుదిగుడు లేకుండా వస్తోంది. తర్వాత తెలిసింది. కొత్త యంత్రం మాటను మాత్రమే మోస్తుంది. ఎవరూ మాట్లాడనప్పుడు లైను మీద ఏమీ పంపదు. వినేవాళ్లు ఫోను చచ్చిపోయిందనుకుంటారని, ఒక ఉత్తుత్తి గాలి చప్పుడు తనే తయారుచేసి చెవిలో పోస్తుంది. ఆమె వెతికి వెతికి ఆ పద్ధతిని తన ఒక్క లైనుకూ తీసేసింది. ఉద్యోగంలో తనకోసమని ఆమె చేసుకున్న పని అదొక్కటే.

ఆ పొద్దున ఊడదీసిన ఫోనును గదిలో బీరువాలో పెట్టి తాళం వేస్తుండగా ఇంజనీరు వచ్చింది. ఫోన్లు అమర్చిన కంపెనీ మనిషి, మెడలో గుర్తింపు కార్డు, మాటలో వేగం ఉన్న అమ్మాయి. వానల్లో పెద్ద పైపు పగిలినప్పుడు ఊరంతా ఒక్కసారే ఫోను చేసింది. సగం మందికి పైగా లైను దొరకలేదు. దానికి మందు చూడమని మేనేజరు పిలిపించాడు.

అమ్మాయి తెర ముందు కూర్చుని చకచకా మీటలు నొక్కింది. "లైను సన్నంగా ఉంది మేడం. దాన్నిప్పుడే పెంచలేం. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలి. పాత ఫోన్లు ఒకలా, తర్వాత కొన్నవి ఇంకోలా ఉన్నాయి. అన్నీ ఒకేలా చేసేద్దాం. మాట లేనప్పుడు లైను వదిలేస్తే ఇంకా చాలామంది పడతారు. నిశ్శబ్దానికి లైను దండగ కదండీ."

"చేసెయ్యమ్మా," అంది ఆమె. వానల రోజు ఆమెకు గుర్తుంది. మంచం కోళ్లు మునిగేదాకా నీళ్లొచ్చాయనీ, పొద్దుటి నుంచీ చేస్తుంటే ఇప్పటికి దొరికారనీ ఒకాయన ఫోనులో ఏడ్చాడు. ఆ గొంతు చాలా రోజులు ఆమెను వదల్లేదు.

కాసేపటికి అమ్మాయి వెనక్కి తిరిగింది. "అన్నీ అయిపోయాయి. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది. నేను మార్చకుండా దానికి తాళం పెట్టారు. ఇది..." నంబరు చూసి ఆగింది. "ఇది మీదే."

"అవును. నేనే పెట్టుకున్నా."

"ఎందుకండీ?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మధ్యాహ్నం మా ఇంటికి ఒకసారి మాట్లాడతా. మా అక్కతో. ఆవిడకి మాట లేదు. ఊపిరి వినిపిస్తుందని."

అమ్మాయి చేతులు మీటల మీదే ఆగిపోయాయి. "అయితే అలాగే వదిలేద్దాం. ఒక్క ఫోనే కదా. నేను రాయను, ఎవరికీ తెలీదు."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. పై ఊళ్ల లైన్లు మూసేసినప్పుడు లెక్కల గదిలో గుమాస్తా పై ఊళ్లో ఉన్న కూతురితో వారానికి ఒకసారైనా మాట్లాడుకుంటానని బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు. ఇంకొకావిడ తన ఫోను ఇంటికి పట్టుకెళ్లి అక్కణ్ణుంచి పని చేసుకుంటానంది. దానికీ ఒప్పుకోలేదు. వాళ్లు ఈమె వెనక ఏమనుకున్నారో కూడా ఆమెకు తెలుసు. ఫోన్లు పట్టుకుని తిరిగే మనిషికి తన గురించి ఎవరేమనుకుంటున్నారో తెలియకపోవడం ఉండదు.

"అందరి కిటికీలూ మూయించి, నాది ఒక్కటీ తెరుచుకుని కూర్చుంటే ఏం బాగుంటుందమ్మా? లే, నేనే తీస్తా."

కుర్చీలో కూర్చుని, తన పాస్‌వర్డు కొట్టి, తాళం తీసింది. ఒక్క నొక్కుతో తన లైను కూడా మిగతావాటిలో కలిసిపోయింది.

"వేలితో కొట్టే చప్పుడు వినిపిస్తుంది కదా?" అని అడిగింది లేస్తూ.

"గట్టిగా కొడితే వస్తుందండీ. చిన్న చిన్న చప్పుళ్లను మాత్రం ఒక్కోసారి రొద అనుకుని మింగేస్తుంది."

"గట్టిగానే కొట్టమంటా. ఆవిడకు గట్టిగా తప్ప రాదు," అంది ఆమె. ఇద్దరూ నవ్వారు.

మధ్యాహ్నం అమ్మాయి పై అంతస్తులకు వెళ్లాక, మంచినీళ్లు తాగి వచ్చి ఇంటికి ఫోను చేసింది. అటు చాలాసేపు మోగింది. పిన్ని ఇంట్లో లేకపోతే అక్కే ఎత్తుతుంది, కాకపోతే ఆలస్యంగా. చివరికి ఎత్తిన చప్పుడైంది. రిసీవరు దేనికో తగిలింది. కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత గాలి చప్పుడు మొదలైంది.

"అక్కా, నేనే. ఇవాళ ఇక్కడ ఫోన్లు ఏవో మార్చాం. నీ ఊపిరి నాకు వినపడదు. నువ్వు కాస్త గట్టిగా కొట్టు."

గాలి చప్పుడు అలాగే ఉంది. ఆమె తల ఇంకా వాల్చింది.

"మా మేనేజరు గారు ఇవాళ మళ్లీ పాస్‌వర్డు మర్చిపోయారు. నన్ను చూడగానే బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతుక్కుంటున్నారు. నేనూ వంగి, పాస్‌వర్డు అక్కడ లేదండీ అన్నా." అక్క తప్పక నవ్వే చోట ఆమె ఆగింది. గాలి చప్పుడు పెరగలేదు, తగ్గలేదు. ఊపిరి లేని చోట మాట్లాడటం గోడకు చెప్పుకున్నట్టుంది. అయినా చెప్పింది. అమ్మాయి గురించి చెప్పింది. వచ్చేటప్పుడు కొత్త దుప్పటి తెస్తానంది. మందు వేసుకున్నావా అని అడిగింది. వేసుకోకపోతే పిన్నితో చెప్పి పట్టిస్తానని బెదిరించింది.

"రైటేనా అక్కా?"

ఎదురు చూసింది. వరండాలో ఎవరో నడిచి వెళ్లారు. రిసీవరును చెవికి గట్టిగా అదుముకుని మళ్లీ ఎదురు చూసింది.

"మిషన్ మింగేసినట్టుంది. సరే, రైట్ అనుకుంటున్నా. సాయంత్రం పెందలాడే వస్తా."

పెట్టేసింది. చెయ్యి మళ్లీ రిసీవరు మీదికి వెళ్లింది. అంతలో రెండో అంతస్తులో ఒక ఫోను పచ్చ చుక్క ఎర్రబడింది. ఎవరో కుర్చీ జరుపుతూ తీగ లాగేసి ఉంటారు. ఆమె లేచి మెట్లెక్కింది.

ఆ అంతస్తులో ఇంకొన్ని ఫోన్లు సరిచేసి, గంట తర్వాత తిరిగి వచ్చేసరికి గదిలో తన ఫోను మోగుతోంది.

"అమ్మాయ్, నేను," అంది పక్కింటి పిన్ని.

"చెప్పు పిన్నీ."

"నువ్వొకసారి ఇంటికొచ్చెయ్యి."

"ఆయాసమొచ్చిందా? డాక్టరుని పిలిచావా?"

"వచ్చి వెళ్లారు." పిన్ని ఒక మాట మింగి ఇంకో మాట పట్టుకుంది. "కంగారు పడకు. నిదానంగా రా. తొందరేం లేదు."

తొందరేం లేదన్న మాట ఎప్పుడు అంటారో ఆమెకు తెలుసు. బోర్డు ముందు కూర్చున్న ఆ కాలమంతా ఎందరికో ఎన్నో వార్తలు ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. ఇటువంటి వార్త తెచ్చే గొంతు మెల్లగా, మర్యాదగా ఉంటుంది. "వస్తున్నా పిన్నీ," అంది. సంచీ తీసుకుంది. కంప్యూటరుకు మామూలుగానే తాళం వేసింది. మేనేజరు గది ముందు ఆగి, ఇంటికి వెళ్లాల్సి వచ్చిందని మాత్రం చెప్పింది. ఆయన తల ఊపి మళ్లీ కాగితాల్లో పడ్డాడు.

ఆ సమయానికి బస్సులు తక్కువ. గేటు దగ్గర నీళ్ల ట్యాంకరు బయలుదేరుతోంది. డ్రైవరు ఆమెను చూసి బండి ఆపాడు.

"ఎటు మేడం ఈ ఎండలో?"

"ఇంటికి. మా అక్క..." అంటూ ఆమె బండి దగ్గరికి నడిచింది.

డ్రైవరు పక్క తలుపు తెరిచి చెయ్యి అందించాడు. మలుపు తిరిగినప్పుడల్లా వెనక ట్యాంకులో నీళ్లు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు బరువుగా కదిలాయి. బండి ఆగినా అవి వెంటనే ఆగేవి కావు. ఆమె సంచీని ఒళ్లో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వీధి మొదట్లో సందు ఇరుకైతే డ్రైవరు దిగి, ఆమె దిగేదాకా తలుపు పట్టుకున్నాడు. "ఏదన్నా కావాలంటే కబురు చెయ్యండమ్మా," అన్నాడు. అతను ఆమెను ఎప్పుడూ మేడం అనేవాడు. అమ్మా అనడం అదే మొదలు.

అక్కను మంచం మీదికి చేర్చారు. కళ్లు మూసి ఉన్నాయి. దబాయింపు పోయిన ముఖం మరీ చిన్నదైంది, బళ్లో చదువుకునే పిల్ల ముఖంలా. పిన్ని ముక్కు తుడుచుకుంటూ పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఎప్పుడు పిన్నీ?"

"ఏమోనే తల్లీ. నేను పెరట్లో బట్టలారేస్తున్నా. ఫోను మోగింది, ఆగింది. ఎత్తింది కదా, నువ్వే అయ్యుంటావనుకున్నా. లోపలికొచ్చేసరికి కుర్చీలో వెనక్కి వాలి ఉంది. రిసీవరు ఒళ్లో ఉంది. నిద్దరపోయిందనుకుని తీసి పెట్టేశా. తర్వాత మందుకి లేపితే లేవలేదు." పిన్ని మంచం మీది దుప్పటి సరిచేసింది. "నీ మాట వింటూ పోయింది. అంతకంటే ఏం కావాలే?"

"కొట్టిన చప్పుడేమన్నా వినిపించిందా నీకు?"

"ఏం చప్పుడు?"

"ఏం లేదులే."

మంచం పట్టె మీద కూర్చుని అక్క ఎడమ చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. తను దుప్పటి గురించి చెప్పినప్పుడు ఈ మనిషి విన్నదా? మేనేజరు కథకు నవ్విందా? గట్టిగా కొట్టమంటే కొట్టిందా, యంత్రం మింగేసిందా? లేక అప్పటికే ఎవరూ లేని ఇంటితో తను మాట్లాడుతూ ఉండిపోయిందా? ఒక్క దెబ్బ కొట్టి ఉంటే? ఆగు అని కొట్టి ఉంటే? పాతలా ఉంటే ఊపిరి తడబడటం ఆమె వినేది. విని ఏం చెయ్యగలిగేదో తెలియదు. పిన్నింటికి ఫోను చేసేదేమో. కనీసం పెట్టేయకుండా ఉండేది. చివరి ఊపిరి దాకా లైనులో ఉండేది. ఆ చూపుడువేలిని తన రెండు వేళ్ల మధ్య పట్టుకుని నిమిరింది. గోటి కింద ఎందుకో ఆకుపచ్చ మరక ఉంది. ఆమెకు ఏడుపు అప్పుడొచ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు.

చుట్టాలు ఎక్కువమంది లేరు. అక్కతో కలిసి పనిచేసిన డ్రైవర్లు, కండక్టర్లు కొందరు వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. పొద్దు వాలకముందే తీసుకువెళ్లారు. అంతా అయ్యాక పిన్ని గది కడిగి, దీపం పెట్టి, పొయ్యి మీద ఏదన్నా పెట్టుకొస్తానని తన ఇంటికి వెళ్లింది.

ఫోను మోగింది. ఆమె అలవాటుగానే ఎత్తి కుడి చెవికి ఆనించుకుంది.

"మేడం, నేను, ఇంజనీర్ని. ఇంకా ఆఫీసులోనే ఉన్నా, పని ఇప్పుడే అయింది. ఈ నంబరు మీ లైన్లోంచి వెళ్లిన కాల్స్‌లో దొరికింది, ఏమనుకోకండి." అమ్మాయి గొంతులో ఏదో దాచలేని సంతోషం. "మీరు వెళ్లిపోయాక నాకు మనసొప్పలేదండీ. మేనేజరు గారిని అడిగా. ఒక్క లైనుకు ఏం మునిగిపోతుంది, ఉంచమన్నారు. మా కంపెనీ పాస్‌వర్డుతో మీది పాతలాగే మార్చేశా. రేపట్నుంచి మీకు అంతా వినిపిస్తుంది."

ఆమె చూపు అక్క కుర్చీ మీదికి వెళ్లింది.

"మేడం? ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అంది. ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి నోరు రాలేదు. రేపు ఎలాగూ తెలుస్తుంది. "మంచి పని చేశావు. చీకటి పడుతోంది, జాగ్రత్తగా ఇంటికెళ్లు."

రిసీవరు పెట్టేసి అక్క కుర్చీ దగ్గరికి వచ్చింది. ఎడమవైపు, చేతికి అందే ఎత్తులో, పీట మీద గిన్నె ఉంది. అందులో పొద్దున తను కొనుక్కొచ్చి వంటింట్లో పడేసిన బఠాణీ కాయలు. ఊరికే కూర్చోలేక అక్క తెప్పించుకున్నట్టుంది. ఒంటి చేత్తో ఇలా వలుస్తుందని చెల్లెలికి ఇన్నాళ్లూ తెలియదు. తొక్కలు ఒకవైపు, గింజలు ఒకవైపు చక్కగా ఉన్నాయి. గింజల మీద చివరి కాయ ఒకటి, కొన మీద పంటిగాటుతో, సగం విచ్చుకుని, గింజలు ఇంకా లోపల వరసలోనే ఉండి.